ఓరుగంటి మట్టికోటయు చెఱువుల పూడికయు

ఓరుగల్లు అన్నంతనే మన కన్నులయెదుట నిలుచునవి కోటలోని రాతి తోరణములు, హనుమకొండ వేయిస్తంభముల గుడి, పాలంపేట రామప్పగుడి శిల్పములు. వీనిని గుఱించి మీరు పలుమాఱులు వినియున్నారు. నేడు నేను రాతిని విడిచి మన్నును గుఱించి ముచ్చటింప దలచితిని. కాకతీయుల రాజ్యము రాతిమీద ఎంత నిలిచినదో మన్నుమీదను అంత నిలిచినది. వారి రాజధానికి కావలి మట్టికోట. వారి ప్రజలకు కూడు పెట్టినది మట్టికట్ట గల చెఱువు. త్రవ్విన మన్నును త్రవ్విన చోటనే నిలుపుట వారెఱిగిన విద్య. ఆ విద్యను నేడు మనము ఇండ్లు, బాటలు, కాలువలు కట్టుచోట్ల మఱచుచున్నాము. ఆ మఱపునకు మన చెఱువులు పన్ను కట్టుచున్నవి. ఇదియే నా ప్రసంగము యొక్క సారము.

ముందుగా కోట సంగతి. గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు రాజ్యమేలెను. ఓరుగంటి రాతికోట ఆయన కాలమున మొదలై, 1262లో సింహాసనమెక్కిన ఆయన కుమార్తె రుద్రమదేవి కాలమున ముగిసినది. రాతికోటకు వెలుపల మట్టికోట కలదు. దాని వలయము అడ్డముగా కొలిచిన రమారమి మైలున్నర యుండును. దానికి వెలుపల అగడ్త కలదు. ఇంకను దూరముగా హనుమకొండను సైతము లోపల చేర్చుకొని మఱియొక మట్టిగోడ సాగియుండెను. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూరు వచ్చి ముట్టడించినపుడు, ఆ కాలపు పారసీక కవి అమీర్ ఖుస్రో ఈ మట్టిగోడను గుఱించి వ్రాసియున్నాడు. ఉక్కు బల్లెము దానిలో దిగదనియు, రాళ్లు రువ్వు యంత్రముతో కొట్టిన గుండు పిల్లలాడుకొను కాయవలె ఎగిరి వెనుకకు పడుననియు ఆయన మాటల తాత్పర్యము. శత్రుపక్షపు కవి మెచ్చిన గోడ యది. ఆ ముట్టడిలో మట్టికోట పగవారి వశమైనది. ప్రతాపరుద్రుడు సంధి చేసికొనెను. 1323లో రాజ్యమే పోయినది. అయినను గోడ పోలేదు. ఏడువందల వానకాలములు దానిపై కురిసినవి. నేటికిని దాని గట్టులు మనకు కనబడుచున్నవి.

మట్టిగుట్ట యొకటి ఏడువందల యేండ్లు వానకు కరగకుండుట యెట్లు? నేను ఆ గట్టు వెంబడి పలుమాఱులు నడచితిని. ముసురు పట్టిన నాళ్లలోను చూచితిని. నాకు తోచినవి మూడు. మొదటిది, గోడ నిట్టనిలువుగా లేదు. కాళ్లు చాచి కూర్చున్న ఏనుగువలె ఇరుప్రక్కల వాలియున్నది. వాలునేలపై నీరు మెల్లగా దిగును. నిట్టనిలువు గోడయైనచో మన్ను విఱిగి పడును. రెండవది, గడ్డియు పొదలును దానిని కప్పియున్నవి. వేళ్లు మన్నును పట్టును, ఆకులు వానచినుకును పట్టును. మూడవది, గోడ యడుగున అగడ్త యున్నది. అగడ్త శత్రువు నాపుటకే త్రవ్విరి. అయినను దానివలన మఱియొక మేలును కలిగినది. గోడనుండి వాన కడిగిన మన్ను ఎక్కడికో కొట్టుకొనిపోక ఆ యగడ్తలోనే దిగును. త్రవ్వినప్పుడు గోడకెక్కిన మన్నులో వానకు జాఱినంత భాగము మరల అగడ్తకు చేరును. ఊరి చెఱువునకు మాత్రము పోదు.

ఇక గోడకు ఎక్కడ కీడు కలిగినది? బాటకొఱకు గట్టును తెగగొట్టిన తావులను, మొరమునకై మన్ను తవ్వుకొనిన తావులను చూడుడు. అక్కడ గడ్డి లేదు, వాలు లేదు. ప్రతి వానకును గండి కొంత వెడల్పగుచున్నది. ఏడువందల యేండ్లు నిలిచిన మన్ను ఒక్క పలుగుపోటుతో కదలినది. వాన మాఱలేదు, మన్ను మాఱలేదు. కప్పు తొలగినది, వాలు చెడినది. నేలకోతను గుఱించి తెలిసికొనవలసిన మొదటి పాఠము ఈ గట్టుమీదనే మనకు లభించును.

ఇప్పుడు చెఱువుల కడకు పోదము. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో గుడి కట్టించెను. ఆ గుడిని 2021లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. గుడితోపాటు ఆయన రామప్ప చెఱువును కట్టించెను. నర్సంపేట వైపున పాకాల చెఱువు జగదాల ముమ్మడి కట్టించినది. అతడును గణపతిదేవుని కాలమువాడే. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెఱువు కట్టించి శాసనము వేయించినది. కాకతీయుల వంశక్రమమును తెలిసికొనుటకు చరిత్రకారులకు ఆ చెఱువు శాసనము ముఖ్యాధారమైనది. గోవిందరావుపేట చెంతనున్న లక్నవరమును, ఘనపురపు చెఱువును మీరెఱుగుదురు. ఓరుగల్లు నగరమునందలి భద్రకాళి చెఱువును కాకతీయుల నాటిదే.

ఈ చెఱువులను కట్టినవారు తావు నెన్నుకొనిన తీరును గమనింపుడు. రెండు గుట్టల నడుమ సందు చూచి కట్ట వేసిరి. గుట్టలమీద అడవి యుండెను. అడవిలో కురిసిన వాన ఆకు తడిపి, దువ్వ తడిపి, వేరు తడిపి, పిమ్మట తేటనీరై వాగున దిగును. పాకాల చుట్టు అడవిని 1952లో వన్యమృగ సంరక్షణాలయముగా ప్రకటించిరి. మృగములను కాచుటకై చేసిన యా పని చెఱువునకును కావలియైనది. ఎగువ అడవి నిలిచినచో దిగువ చెఱువు నిలుచును.

చెఱువు కట్టుటకు శాస్త్రము కూడ మనకు కలదు. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో పెద్ద చెఱువు కట్టించి, దాని శాసనములో మంచి చెఱువునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను చెప్పించెను. ధర్మపరుడైన రాజు, జలశాస్త్ర మెఱిగినవాడు, గట్టినేల, తియ్యని నీటి యేఱు, ఏటిని తాకు కొండ, పొడవెక్కువ కాని దృఢమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, చెంతనే రాతి గని, నేర్పరులైన పనివారు మొదలగునవి అంగములు. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూఱు బండ్లును పనిచేసినట్లు ఆ శాసనమే చెప్పుచున్నది.

దోషములలో రెంటిని మాత్రము మీరు మనసున నుంచుకొనవలయును. చెఱువు నడుమ తాబేటివీపువలె మిట్ట యుండుట ఒక దోషము. నీరు తక్కువయై, పాఱవలసిన భూమి యెక్కువగుట మఱియొక దోషము. కట్టినపుడు ఈ రెండు దోషములును లేని చెఱువునకు సైతము కాలక్రమమున అవి పట్టుకొనుట కలదు. ఎట్లందురా? వాగు చెఱువులో ప్రవేశించుచోట వేగము తగ్గి ఇసుకను, మన్నును దింపును. ఏటేట అది పెరిగి తాబేటివీపగును. చెఱువు గర్భము పూడినకొలది నీరు తగ్గును. ఆయకట్టు మాత్రము తగ్గదు. పూడిక యనునది మంచి చెఱువును దోషపు చెఱువుగా మార్చు రోగము.

మన పెద్దలు ఈ రోగమును ఎఱుగకపోలేదు. చెఱువు బాగుసేతకై దశబంధమను పేర మాన్యములుండెడివి. తూము విప్పుటకు, కట్ట చూచుటకు నీరటి యుండెను. వేసవిలో శిఖమునేల యెండినపుడు రైతులు బండ్లు కట్టి ఒండ్రు త్రవ్వి చెలకలకు తోలుకొనెడివారు. ఎఱ్ఱచెలక తడి నిలుపలేదు. చెఱువు మన్ను తడిని పట్టును, బలమునిచ్చును. ఆ విధముగా చెలకనుండి జాఱిన మన్ను మరల చెలకకే చేరెడిది. మఱియు మన చెఱువులు గొలుసుకట్టు చెఱువులు. ఎగువచెఱువు మత్తడి దూకిన నీరు దిగువచెఱువునకు పోవును. ఎగువ కుంట మన్నును దింపుకొని దిగువకు కొంత తేటనీటిని పంపును. ఎగువ కుంటను చదును చేసి ఇండ్లస్థలములుగా మార్చినచో ఆ కుంట ఆపుచుండిన మన్నంతయు దిగువచెఱువు నెత్తిన పడును. ఒక్క కుంట పోయెనని మనమనుకొందుము. గొలుసు తెగినదని చెఱువెఱుగును.

చిన్న చెఱువుల మాట యట్లుండగా, పెద్ద జలాశయముల లెక్క చూడుడు. మంజీరా నదిపై నిజాంసాగరమును 1923 మొదలు 1931 వఱకు కట్టిరి. కట్టిననాడు దానిలో 29 టి.యం.సి.లకు మించి నీరు పట్టెడిది. ఒక టి.యం.సి. యన నూఱుకోట్ల ఘనపుటడుగులు. 1973లో కొలిచి చూడగా అది 12 టి.యం.సి.ల లోపునకు దిగిపోయినది. నలువది రెండేండ్లలో సగమునకు పైగా పూడినది! పిమ్మట నీటిమట్టమును పెంచి కొంత సర్దుకొనిరి. మన ఓరుగల్లు ప్రాంతమునకు కాకతీయకాలువ ద్వారా నీరిచ్చు శ్రీరాంసాగరమునకు 1963లో శంకుస్థాపన జరిగినది. దాని మొదటి లెక్క 112 టి.యం.సి.లు, 1994 కొలతలో సుమారు 90, ఇటీవలి కొలతలో సుమారు 80. పోయిన 32 టి.యం.సి.ల చోటును ఆక్రమించినది ఎవరి మన్ను? ఎగువనున్న వేలకొలది గ్రామముల పొలముల మన్ను, గట్టుల మన్ను, బాటల మన్ను. ఒక్కొక్కరు విడిచినది చేటెడే, చేరినది కొండయైనది.

పూడిక తీయు పనులును జరిగినవి. 2015 మార్చి 12వ తేదీన సదాశివనగరమున మిషన్ కాకతీయ మొదలైనది. రాష్ట్రమందలి 46 వేలకు పైబడిన చెఱువులను బాగుచేయుట దాని సంకల్పము. ఒండ్రుమన్ను పొలములకు పోయినది. అది మంచి పనియే. ఓరుగంటి భద్రకాళి చెఱువున సైతము 2024 నవంబరులో నీరు వెలుపలికి వదలి, పిమ్మట యంత్రములతో పూడిక తీయ నారంభించిరి. నగరము నడుమనున్న చెఱువు నెండబెట్టి, లారీలు దింపి, మన్ను మోయించుటకు ఎంత వ్యయమగునో మీరే యూహింపుడు. తీసిన మన్ను ఎక్కడిదో, అది మరల రాకుండ చేయుట యెట్లో చూడనిచో, ఈ పనిని మన మనుమలు మరల చేయవలసి వచ్చును. ఇంటికప్పు కారుచుండగా నేల తుడుచుట వంటిది యది.

ఇక మన్ను కదలు విధమును కొంచెము చెప్పుదును. పెద్ద వానచినుకు నేలను తాకునప్పటి వేగము క్షణమునకు రమారమి తొమ్మిది మీటర్లు. గడ్డి యున్నచో ఆ దెబ్బ గడ్డికి తగులును. నేల బోడిగా నున్నచో మట్టిగడ్డ చితికి రేణువులై లేచును. ఆ రేణువులు నేల రంధ్రములను మూయును. నీరింకుట తగ్గి పైపై పాఱుట హెచ్చును. పాఱిన నీరు సన్నని చాళ్లు తీయును. చాళ్లు కలిసి గండ్లగును. ఒక యెకరము నేలమీద ఒక మిల్లీమీటరు మందము మన్ను పోయెననగా నాలుగు ఘనపు మీటర్లు పోయినట్లు; అయిదాఱు టన్నుల బరువు. మిల్లీమీటరనగా గోరుమందము. కంటికి కనబడదు. కాని పైపొర మన్ను ఒక అంగుళము పుట్టుటకు కొన్ని వందల యేండ్లు పట్టును.

కొట్టుకొనిపోయిన మన్నును పట్టుకొనుట సులభమా? ఒక మీటరు లోతు నిలువనీటిలో సన్నయిసుక రెండు నిమిషములలో అడుగు చేరును. ఒండ్రు రేణువునకు ముప్పావుగంట పట్టును. మిక్కిలి సన్నని బంకమన్ను రేణువునకు మూడు దినములు పట్టును. నీరు కొంచెము కదలినను అదియు దిగదు. అందువలన గుంట త్రవ్వి ఇసుకను పట్టవచ్చునే గాని, బంకను పట్టుట కష్టము. ఎఱ్ఱనీరు ఒకసారి బయలుదేఱినదా, అది చెఱువులోనే ఆగును. మన్నును పుట్టినచోటనే నిలుపుట ప్రధానము. గుంటలు, అడ్డుకట్టలు దాని తరువాతివి.

పొలమున కంటె కట్టడము జరుగుచోట ఈ కోత మిక్కిలి ఎక్కువ. సాగునేలనుండి పోవు మన్ను కంటె కట్టడపు తావునుండి పోవునది పది మొదలు ఇరువది రెట్లనియు, అడవినేలతో పోల్చిన వేయి రెట్లు మించుననియు అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ లెక్కించినది. కారణము స్పష్టమే. పొలములో రైతు ఏడాదిలో కొన్నాళ్లే నేలను బోడిగా విడుచును, గట్టు వేయును, పైరు కప్పును. కట్టడము చేయువాడు చెట్టు నఱికి, గడ్డి గీకి, పైమన్ను ప్రోగుపెట్టి, పునాది త్రవ్వి, నెలల తరబడి అట్లే విడుచును. అమెరికాలో 1992 మొదలు అయిదెకరములకు మించిన కట్టడములకును, 2003 మొదలు ఒక యెకరము మించినవానికిని మన్ను నిలుపు ఏర్పాటు లేక పని చేయరాదని నియమము పెట్టిరి. మన దేశమున 2006 నాటి నోటిఫికేషను ప్రకారము ఇరువదివేల చదరపు మీటర్లు మించిన కట్టడములకు ముందుగా పర్యావరణ అనుమతి వలయును. కాని గ్రామములోని ఇంటిస్థలముల చదును, చిన్నబాట, కల్వర్టు, బడి, గోదాము, కాలువపిల్ల, వీనిలో చాల భాగము ఆ కొలతకు రావు. ఎవరును అడుగరు. మన చెఱువుల ఎగువన జరుగునవి మాత్రము హెచ్చుగా ఇట్టి చిన్న పనులే.

ఒక యూరి ఎగువన గుట్టవాలును ఇండ్లస్థలములకై వేసవిలో చదును చేయుటను నేను చూచితిని. ఊరిపేరు చెప్పను. హద్దురాళ్లు పాతిరి, ఎఱ్ఱబాటలు తీసిరి, ప్రక్కకాలువలు తీయలేదు. మృగశిర కార్తె వానలు రెండు పడినవి. దిగువ కుంటలో దిగిన ఎఱ్ఱమన్ను తూముకన్నును కప్పివేసినది. రైతులు మోకాలిలోతు బురదలో దిగి తూము విప్పుకొనిరి. స్థలములు అమ్మినవారు ఎక్కడనో యుండిరి. బురద రైతుల పాలాయెను. లాభము ఒకరిది, పూడిక మఱియొకరిది. ఇందులోని అన్యాయమును మీకు నేను వివరింపనక్కఱలేదు.

వానలును ఇప్పుడు ఒక్కొక్కప్పుడు విపరీతముగా పడుచున్నవి. 2023 జూలై 26-27 తేదీలలో ములుగు జిల్లా వెంకటాపురం మండలము లక్ష్మీదేవిపేటలో ఇరువదినాలుగు గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఇది ఇరువదియైదంగుళములకు పైమాటయే. ఆ లెక్కన ఒక యెకరముమీద పడిన నీటి బరువు రెండువేల ఆఱువందల టన్నులు. ఆ మండలముననే రామప్ప చెఱువు కలదు. ఆ దినములలోనే ఓరుగల్లులో భద్రకాళి చెఱువు కట్టకు గండి పడినది. పూడిన చెఱువున నీటికి చోటు తక్కువ. చోటు లేని నీరు కట్టను వెదకును. కావున పూడిక యనునది కరవునాడు మాత్రమే కాక వఱదనాడును శత్రువగును.

కాబట్టి చేయవలసినవి చెప్పుదును. ఇవి ఖరీదైనవి కావు.

నేలను గీకు పనిని, మన్ను త్రవ్వు పనిని వానకాలము పోయిన పిమ్మట మొదలుపెట్టుడు. తొలకరికి ముందు నేలను మరల కప్పుడు. ఎంత కట్టుదురో అంతమేరకే గీకుడు. పదియెకరముల స్థలమైనను ఒకేసారి బోడి చేయనక్కఱలేదు. పైపొర మన్నును వేఱుగా ప్రోగుపెట్టి, దానిని వాగుగట్టున గాని కాలువగట్టున గాని పోయక దూరముగా నుంచి, వరిగడ్డితోనో గోనెపట్టాలతోనో కప్పుడు. పని ముగిసినపుడు ఆ మన్నునే పైన పఱచిన గడ్డి త్వరగా మొలచును.

ఎగువనుండి వచ్చు వాననీటిని పనిస్థలములోనికి రానీయక ప్రక్కనుండి కాలువ తీసి మళ్లింపుడు. స్థలములోపల పడిన నీటిని మాత్రము మెల్లగా నడిపింపుడు. వాలునకు అడ్డముగా ఇరువది ముప్పది అడుగుల కొకటి చొప్పున చిన్నగట్టులు వేయుడు. ప్రక్కకాలువలలో అక్కడక్కడ రాళ్లు పేర్చి అడ్డుకట్టలు నిలుపుడు. ఆ రాతిసందులనుండి నీరు పోవును, ఇసుక నిలుచును. దిగువయంచున గోనెగుడ్డను గుంజలకు కట్టి, దాని యడుగును జానెడు లోతు మన్నులో పాతిన అదియొక జల్లెడగా పనిచేయును. పాతక విడిచినచో నీరు క్రిందినుండి దూరిపోవును, కట్టినను కట్టనట్లే.

అన్నిటికి దిగువన ఒక పూడికగుంట త్రవ్వుడు. నీరు ఒకమూలనుండి చొచ్చి ఎదుటిమూలనుండి వెడలవలయును. అపుడు దానికి నిలుచు వ్యవధి చిక్కును. గుంట సగము నిండగానే ఎత్తివేయుడు. బండ్లు, ట్రాక్టర్లు బయటికి వచ్చు త్రోవలో రాయిగాని మొరముగాని పఱచినచో చక్రములవెంట బురద ఊరి బాటకెక్కదు. తెగిన గట్టులమీద గరికగడ్డి నాటుడు. వాలు నిట్టగా నున్నచోట వట్టివేరు నాటుడు. దాని వేళ్లు నిలువుగా బారెడు లోతునకు దిగి మన్నును కుట్టివేయును. మన వట్టివేరును నేడు అనేక దేశములలో గట్టుల రక్షణకై నాటుచున్నారు. చెఱువుకట్టలమీద వావిలి, కానుగ, తాడి మొదలగునవి మన పెద్దలు ఉంచినది ఊరకనే కాదు.

వీనిలో ఏదియు క్రొత్త సంగతి కాదు. వాలు, గడ్డి, అగడ్త, ఈ మూటినే మట్టికోట మనకు చూపినది. పూడికగుంట యనగా కట్టడపు తావునకు అగడ్త. గరిక నాటుట యనగా కోటగట్టునకు గడ్డికప్పు. ఎగువ కుంటను కాపాడుట యనగా గొలుసుకట్టును నిలుపుట.

ఇందు పెద్దలైన మీకు అధికారము లేదని అనుకొనకుడు. గ్రామసభలో మాటాడు హక్కు మీకు కలదు. మీ యూరి చెఱువు ఎగువన ఏదేని చదును పని గాని బాటపని గాని రాబోవుచున్నదని వినినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు. వానకు ముందు ఈ పని ముగియునా? త్రవ్విన మన్ను ఎక్కడ పోయుదురు? వాననీరు ఏ గుంటలో దిగి బయటికి పోవును? ఈ మూటికి జవాబు వ్రాసియిచ్చు వఱకు పంచాయతి సమ్మతి తెలుపవద్దని చెప్పుడు. పని సాగుచుండగా తొలివాన పడిన మఱునాడు అక్కడికి పోయి చూడుడు. వాగులో నీరు తేటగా నున్నదా, ఎఱ్ఱగా నున్నదా? ఆ నీటిరంగు ఏ కాగితము కంటెను నిజము చెప్పును.

ఊరి పనులకును ఇదే నియమము. కుంట త్రవ్వించి ఆ మన్నును కుంటగట్టుననే పోయించి, తొలివానకు మరల కుంటలోనికే రానిచ్చుటను నేను పలుతావుల చూచియున్నాను. కూలి పోయినది, మన్ను మిగిలినది. తీసిన ఒండ్రు ఆ వేసవిలోనే పొలములకు చేరవలయును.

మైలాంబ, ముమ్మడి, రుద్రుడు మొదలగువారు చెఱువులు కట్టించి శాసనములు వేయించిరి. కట్టించిన వారి పేరు రాతిమీద నున్నది. కట్టను కాచిన నీరటుల పేర్లు, ఒండ్రు తోలిన రైతుల పేర్లు ఏ రాతిమీదను లేవు. కాని ఎనిమిదివందల యేండ్లు ఆ చెఱువులు మనకు దక్కినది వారివలననే. మనము క్రొత్తగా పాకాలను కట్టనక్కఱలేదు. ఉన్న చెఱువులోనికి మన మన్ను పోకుండ చూచినచో చాలును. ఈ వేసవిలో మీ యూరి ఎగువనేలను ఒకమాఱు నడచి చూచి, బోడిగానున్న తావులను లెక్కించి, మృగశిరకు ముందే కప్పింపవలసినదని మిమ్ము వేడుకొని, నా ప్రసంగమును ముగించుచున్నాను.